రాజుగారి దొడ్లో ఆదివారం

అడిస్ అబాబాలో మెట్లెక్కుతూ మాట్లాడకూడదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ కొండలకి ఇంచుమించు రెండింతలు. రెండో అంతస్తుకి చేరేలోపే మాట సగంలో తెగిపోతుంది, పక్కవాళ్లు మర్యాదగా ఆగి మనకోసం ఎదురుచూస్తారు. సెప్టెంబరులో పొద్దున్నే చలి, మధ్యాహ్నం చురుక్కుమనే ఎండ, సాయంత్రానికి ఎక్కణ్ణుంచో ఓ మబ్బు వచ్చి చప్పుడు చేసి పోతుంది. వానాకాలం వెళ్లిపోతూ రోడ్ల పక్కన, గోడల సందుల్లో, కూల్చేసిన ఇళ్ల మట్టిదిబ్బల మీద కూడా పచ్చటి పసుపురంగు పూలు పూయించి పోయింది. వాళ్ల కొత్త సంవత్సరానికీ, ఆ తర్వాత వచ్చే మెస్కెల్ పండక్కీ అవే పూలు. పిల్లలు గుప్పెడు గుప్పెడు కోసి, గడ్డిపోచతో కట్టి చేతికిస్తారు. డబ్బులివ్వాల్సిందే, కానీ అడిగే తీరులో దబాయింపు ఉండదు.

నన్ను తిప్పినవారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ లెక్కలు చెబుతున్న ఒక మాస్టారు. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో తెలుగు అధ్యాపకులు ఉండటం కొత్తేమీ కాదు. అక్కణ్ణుంచి విశాఖ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీలు చేసి వెళ్లినవాళ్లూ బోలెడుమంది. మాస్టారి పాత విద్యార్థి ఒకడు కారు నడుపుతాడు. అతనికి బీచ్ రోడ్డు తెలీదుగానీ మాస్టారి దగ్గర నేర్చుకున్న "ఏంటండీ" మాత్రం బాగా వచ్చు. ఎక్కడ పడితే అక్కడ వాడతాడు.

ఊరు చూడటం మెస్కెల్ స్క్వేర్‌తో మొదలుపెట్టాలని మాస్టారు పట్టుబట్టారు, అదీ తెల్లవారకముందే. అర్ధచంద్రాకారంలో మెట్లు మెట్లుగా కట్టిన పెద్ద మైదానం అది. సెప్టెంబరు చివర్లో మెస్కెల్ పండగనాడు ఇక్కడే నడిమధ్యన కట్టెలు గోపురంలా పేర్చి నిప్పు పెడతారు, ఊరు ఊరంతా చుట్టూ చేరుతుంది. మిగతా రోజుల్లో ఇది పరుగు తీసేవాళ్లది. చీకట్లో ముందు అడుగుల చప్పుడు వినిపించింది, తర్వాత మనుషులు కనిపించారు. ఒక్కో మెట్టు వరస ఈ కొస నుంచి ఆ కొసకి, అక్కడ ఒక మెట్టెక్కి మళ్లీ వెనక్కి. అలా పాములా మెలికలు తిరుగుతూ పైదాకా. బక్కపల్చటి కుర్రాళ్లు, తలగుడ్డ కట్టుకున్న అమ్మాయిలు, వాళ్ల వెనకాల బొజ్జ తగ్గించుకోవాలని వచ్చిన ఆఫీసు మనుషులు. 1960లో రోమ్‌లో చెప్పుల్లేని కాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలా ఈ ఊళ్లోనే చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. ఆ తర్వాతి కాలపు వీరుడు హైలే గెబ్రెసెలాసీ 2001 నుంచి జరిపిస్తున్న ఊరి పరుగుకి ఇప్పుడు వేలాదిమంది వస్తారు. నేను పై మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఆయాసపడుతూ నా పక్కన కూలబడ్డ ఒక లావుపాటాయన, "రేపు మీరు కూడా" అని వేలు చూపించి బెదిరించి వెళ్లాడు.

ఈ మైదానానికి మరో పేరు కూడా ఉండేది, విప్లవ మైదానం. 1977 ఏప్రిల్‌లో అప్పటి సైనిక పాలకుడు మెంగిస్తు హైలే మరియం ఇక్కడే జనం ముందు రక్తంలాంటి ఎర్రటి ద్రవం నింపిన సీసాలు నేలకేసి పగలగొట్టాడు. శత్రువులకి ఇదే గతి అన్నాడు. ఆ మాటని నిజం చేశాడు కూడా, ఆ హత్యాకాండకే ఎర్ర బీభత్సం అని పేరు. మైదానం పక్కనే 2010లో తెరిచిన ఎర్ర బీభత్స అమరుల మ్యూజియం ఉంది. గుమ్మం ముందు ముగ్గురు స్త్రీల విగ్రహం. లోపల గోడల నిండా ముఖాలు, ఎక్కువమంది కాలేజీ వయసు వాళ్లు. గాజు అరల్లో తవ్వి తీసిన ఎముకలు, పక్కనే వాళ్లవే చొక్కాలు, చెప్పులు. మాకు చూపించినాయన ఆ రోజుల్లో జైల్లో పడి బతికి బయటపడ్డవాడు. పాదాల మీద కొట్టేటప్పుడు మనిషిని ఎలా వేలాడదీసేవాళ్లో వంగి చేసి చూపించాడు. ఆ పని రోజూ చేస్తాడు, ప్రతి గుంపు ముందూ. బయటికి వస్తే ఎదురుగా కుర్రాళ్లు స్కేటింగ్ చేస్తున్నారు. ఏడుపు కోసం ఒక చోటూ, ఆట కోసం ఒక చోటూ ఈ ఊరు విడివిడిగా కట్టుకోలేదు. నాకది మొదట ఇబ్బందిగా అనిపించింది, తర్వాత అదే సబబనిపించింది.

నేషనల్ మ్యూజియం బయటికి ఒక పాతకాలపు సర్కారు ఆఫీసులా ఉంటుంది. జనం నేరుగా కింది అంతస్తుకి దిగుతారు, లూసీ ఉండేది అక్కడే. ఇథియోపియన్లు ఆమెని దింకినెష్ అంటారు. ఈ దేశపు ఈశాన్యాన హదార్ దగ్గర దొరికిన, దాదాపు 32 లక్షల ఏళ్ల నాటి అస్థిపంజరం. మీటరుకి కాస్త ఎక్కువ ఎత్తు. ఎముకల్లో సుమారు నలభై శాతం దొరికాయి. నిలబడి నడిచిందని చెప్పడానికి అవి చాలు. అద్దంలో కనిపించేది నకలే, అసలు ఎముకలు భద్రంగా లోపలి గదిలో ఉంటాయి. అయినా బడిపిల్లలు అద్దానికి ముక్కు ఆనించి, వాళ్ల ఎత్తుతో పోల్చుకుంటున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతి పొడుగులో లూసీని ఓడించి గంతులేసింది.

లూసీ దొరికిన తేదీ అక్కడ చదివాక నాకు ఆ రోజంతా అదే ఆలోచన. 1974 నవంబరు 24. దానికి సరిగ్గా ముందురోజు, నవంబరు 23న, ఇదే అడిస్‌లో కొత్తగా గద్దెనెక్కిన సైనిక మండలి అరవైమంది పాత మంత్రుల్నీ సేనానుల్నీ విచారణ కూడా లేకుండా కాల్చిచంపింది. ఎడారిలో రాళ్లు ఏరుకుంటున్న విదేశీ శాస్త్రవేత్తలకి మానవజాతి ముత్తవ్వలాంటిది కనిపించిన పొద్దుటికి, రాజధానిలో శవాల లెక్క ఇంకా పూర్తిగా తేలనేలేదు. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఒకటి విజ్ఞానం, ఒకటి రాజకీయం. ఇక్కడ మాత్రం రెండిటి మధ్యా కారులో పది నిమిషాల దూరం.

ఆ అరవైమందిని చంపేముందు దాచింది పాత చక్రవర్తి మెనెలిక్ ప్యాలెస్ నేలమాళిగలో. 2019 అక్టోబరులో ఆ ప్యాలెస్ ఆవరణలో కొంత భాగాన్ని యూనిటీ పార్క్ పేరుతో జనానికి తెరిచారు. మేం ఆదివారం వెళ్లాం. పెళ్లిళ్లకి వచ్చినట్టు వచ్చారు జనం. ఆడవాళ్లు జరీ అంచు తెల్లటి నేత గౌన్లలో, చిన్నపిల్లల తలల్లో అవే పసుపు పూలు. మెనెలిక్ విందులిచ్చిన పెద్ద సావడి, సింహాసనపు గది, చక్కగా కత్తిరించిన లాన్లు, నల్లటి జూలున్న సింహాలు. ఈ దేశంలో సింహం అంటే రాజలాంఛనం, చక్రవర్తి హైలే సెలాసీ వాటిని తనే పెంచేవాడు. సింహాసనపు ఇంటికి సరిగ్గా అడుగున ఉంది ఆ నేలమాళిగ. తక్కువ ఎత్తు కప్పు, మందమైన రాతిగోడలు. పైన నేలమీద జనం నడుస్తుంటే అడుగుల చప్పుడు కింద వినబడుతుంది.

కుటుంబాలు అక్కడ కూడా ఫోటోలు దిగుతున్నాయి. ఒక తాత మాత్రం మనవణ్ణి పక్కకి లాగి ఏదో మెల్లగా చెప్పాడు. పిల్లాడు వెంటనే పైకి చూశాడు. ఏం చెప్పాడో మా డ్రైవరు నాకు అనువదించలేదు, నేనూ అడగలేదు.

1974 సెప్టెంబరులో చక్రవర్తిని దించి ఒక చిన్న ఫోక్స్‌వాగన్ కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోయారు. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడన్నారు, సమాధి చూపించలేదు. 1992లో ఈ ప్యాలెస్ ఆవరణలోనే పాతిపెట్టిన ఆయన అవశేషాలు బయటపడ్డాయి. 2000లో హోలీ ట్రినిటీ కేథడ్రల్‌లో ఖననం చేశారు. అక్కడికీ వెళ్లాం. ఎర్ర గ్రానైట్ పెట్టె, పక్కనే రాణిది. చర్చి ఆవరణలో చెట్ల కింద పూజ ముగించుకున్న ముసలమ్మలు కూర్చుని వేయించిన బార్లీ గింజలు నములుతున్నారు. మాకూ దోసెడు పోశారు. నమిలేకొద్దీ రుచి.

చక్రవర్తి బతికున్నప్పటి ఇల్లు చూడాలంటే సిదిస్త్ కిలో వైపు యూనివర్సిటీకి వెళ్లాలి. గెనెతె లెయుల్ అనే ఆ ప్యాలెస్ కథ ఒక నవలకి సరిపోతుంది. 1936లో ఆక్రమించిన ఇటలీవాళ్లు దీన్ని తమ వైస్రాయి గ్రజియానీ నివాసం చేసుకున్నారు. 1937 ఫిబ్రవరిలో ఈ ఆవరణలోనే అతని మీద బాంబులు పడ్డాయి. ఆ కోపాన్ని ఊరి మీద తీర్చుకున్నారు, మూడు రోజుల్లో వేలమందిని చంపారు. చనిపోయినవాళ్ల స్మారకస్తంభం గేటు బయట కూడలిలో ఉంది. 1960 డిసెంబరులో చక్రవర్తి బ్రెజిల్‌లో ఉండగా ఆయన అంగరక్షక దళమే తిరగబడి పెద్దల్ని ఇక్కడ బందీలుగా పట్టింది, ఓటమి ఖాయమయ్యాక వాళ్లలో చాలామందిని ఒక గదిలో కాల్చేసింది. తిరిగొచ్చిన చక్రవర్తికి ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. యూనివర్సిటీకి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆయన పడగ్గది, స్నానాలగది మనం చూడొచ్చు. చిన్న మంచం, ఆయన మనిషి కూడా పొట్టే. పక్క గదుల్లో ఇథియోపియా జాతుల జీవితాన్ని పుట్టుక నుంచి చావు దాకా వరసలో పేర్చిన మ్యూజియం. నేను చూసిన మ్యూజియాల్లో ఇంత తెలివైన అమరిక తక్కువ. ఏ తెగ వస్తువులు ఆ తెగకి అని గదులు కట్టకుండా, పెళ్లి దగ్గర అందరి పెళ్లిళ్లూ, చావు దగ్గర అందరి చావులూ పెట్టారు.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చింది బయట పచ్చిక మీద నిలబెట్టిన ఒక కాంక్రీటు మెట్లవరస. ముస్సోలినీ పాలనకి ఏడాదికొక మెట్టు చొప్పున ఇటలీవాళ్లు కట్టుకుంటూ పోయారు. మెట్లు ఆకాశంలోకి వెళ్తాయి, ఎక్కడికీ చేరవు. 1941లో వాళ్లు వెళ్లిపోయాక ఇథియోపియన్లు దాన్ని పడగొట్టలేదు. చిట్టచివరి మెట్టు మీద తమ సింహాన్ని ఎక్కించి కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ మెట్ల నీడలో విద్యార్థులు నోట్సులు చదువుకుంటున్నారు, ఒక జంట పోట్లాడుకుంటోంది.

తిండి గురించి చెప్పకపోతే ఈ ఊరికి అన్యాయం. ఆర్థడాక్స్ క్రైస్తవులు ప్రతి బుధవారం, శుక్రవారం ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. పెద్ద ఉపవాసాలన్నీ కలిపితే ఏడాదిలో సగానికి పైగా రోజులు అలాగే గడిపేవాళ్లున్నారు. దాంతో శాకాహారి ఇక్కడ దిక్కులేనివాడు కాదు, వారానికి రెండు రోజులు మారాజు. వెదురు బుట్టంత పళ్లెంలో ఇంజెరా పరిచి, దాని మీద కుప్పలు కుప్పలుగా బెర్బెరే కారంతో ఎర్రగా ఉడికించిన మసూర్ పప్పు, పసుపు వేసిన బఠాణీ పప్పు, క్యాబేజీ, ఆకుకూర, బీట్‌రూటు, మధ్యలో బుడబుడమని ఉడుకుతున్న షిరో అనే శనగపిండి పులుసు. తెఫ్ అనే అతిచిన్న ధాన్యం పిండిని రోజుల తరబడి పులియబెట్టి పోసే ఇంజెరాని దోసెతో పోల్చాలని ప్రతి తెలుగువాడికీ అనిపిస్తుంది. నోట్లో పెట్టుకున్నాక ఆ పోలిక నిలవదు. మెత్తదనం వేరు, పులుపు వేరు. దానికి కరకరలాడాలన్న ఆశే లేదు.

ఒకే పళ్లెంలో అందరం తిన్నాం. మధ్యలో డ్రైవరు ఒక పెద్ద ముద్ద చుట్టి నా నోటి దగ్గరికి తెచ్చాడు. గుర్షా అంటారు, ప్రేమతో తినిపించడం. ఒకటితో ఆపితే పేచీ అట, ఇంకోటి పెట్టాడు. ఎదిగిన మగవాడి చేత్తో నోట్లో ముద్ద పెట్టించుకోవడం నాకు చాలా ఏళ్ల తర్వాత జరిగింది. మాస్టారు నవ్వి, "మొహమాటపడకండి, నాకు మొదట్లో ఏడుపొచ్చింది" అన్నారు.

పియాసా దగ్గరికి వచ్చేసరికి మాస్టారి మాటలు తగ్గాయి. ఊరికి పాత గుండెకాయ అది. హైలే సెలాసీకి 1930లో కిరీటం పెట్టిన సెయింట్ జార్జ్ కేథడ్రల్, దాని ముందు గుర్రమెక్కిన మెనెలిక్ విగ్రహం, 1953 నుంచి నడుస్తున్న, నిలబడి కాఫీ తాగే టోమోకా దుకాణం. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన జ్ఞాపకంగా 2024 ఫిబ్రవరిలో ఇక్కడే పెద్ద మ్యూజియం తెరిచారు. ఒక ఆఫ్రికా దేశం ఒక ఐరోపా సైన్యాన్ని అలా చిత్తుచేయడం అప్పట్లో ప్రపంచానికి మింగుడుపడలేదు. మ్యూజియం ఘనంగా ఉంది, కాదనను. కానీ అదే ఏడాది రోడ్ల వెడల్పు, నగర సుందరీకరణ పేరుతో దాని చుట్టుపక్కల ఇళ్లూ దుకాణాలూ వరసగా కూల్చేశారు. కర్రబాల్కనీల ఇళ్లు, బంగారు పనివాళ్ల అంగళ్లు ఉండేచోట ఇప్పుడు సైకిల్ దారి, దీపస్తంభాలు, నాటిన గడ్డి. "నేను కూరలు కొనుక్కున్న వీధి ఇది" అని మాస్టారు ఒక పూలకుండీ వైపు చూపించారు. ఆ మనుషుల్ని ఊరి శివార్లలో అపార్ట్‌మెంట్లకి పంపారట. కొందరికి అది మంచి ఇల్లే. నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న ఇల్లు. పక్కింటివాళ్లు మాత్రం ఎవరో తెలియని ఇల్లు.

ఆ కొత్త ఫుట్‌పాత్‌కి కాస్త వెనకగా, ఇంకా మిగిలున్న సందులో ఒకామె కాఫీ పెడుతోంది. నేలమీద పచ్చగడ్డి పరిచింది, బొగ్గుల మీద సాంబ్రాణి పొగ. పచ్చి గింజల్ని పెనంలో మన ఎదుటే వేయించి, ఆ పొగ ఒక్కొక్కరి ముక్కు దాకా తెచ్చి చూపిస్తుంది. దంచి, మెడ పొడుగాటి మట్టి జెబెనాలో మరిగించి, కాస్త ఎత్తునుంచి చిన్న చిన్న కప్పుల్లోకి సన్నటి ధార. పక్కన పేలాల గిన్నె. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. మూడోదే ఆశీర్వాదం. ఒక్కో విడతకీ డికాక్షన్ పలచనవుతుంది, మాటలు చిక్కబడతాయి. గంటన్నర పట్టింది. ఎవరూ ఫోను చూడలేదనను, చూశారు. చూసి పక్కన పెట్టారు. ఈ ఊళ్లో తీరిక అంటే ఇదే కాబోలనిపించింది. ఎక్కడికో వెళ్లి ఏదో చూడటం అరువు తెచ్చుకున్న అలవాటు. గడ్డి పరిచి కూర్చోవడం వాళ్ల సొంతం. సర్కారు కట్టిన పార్కులన్నిటిలోనూ బెంచీలున్నాయి, ఇలా కూర్చునే పీటలు లేవు.

అక్కడ ఒక పెద్దాయన, అందరూ గాషె అని గౌరవంగా పిలుస్తున్నారు, నన్ను చూసి "ఇండియా!" అన్నాడు. ఆయనకి బళ్లో లెక్కలు చెప్పింది భారతీయుడేనట. చక్రవర్తి కాలంలో ఈ దేశపు బడుల్లో మనవాళ్లు, ముఖ్యంగా కేరళవాళ్లు, చాలామంది పనిచేశారు. "చెయ్యి చాపు అనేవాడు, స్కేలుతో కొట్టేవాడు. కానీ లెక్క మర్చిపోలేదు" అని అరచెయ్యి చూపించాడు. నేను హైదరాబాద్ గురించి చెప్పాను. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేదనీ, ఆ సైనికుల వారసులు ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అనే పేటలో ఉన్నారనీ. ఆయన చాలాసేపు ఆలోచించి, "వాళ్లు కాఫీ తాగుతారా?" అని అడిగాడు. చాయ్ తాగుతారు, మర్ఫా వాయిస్తారు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చాయ్ సంగతి ఆయనకి నచ్చలేదు.

మెర్కాటో గురించి రెండు ముక్కలే. ఆఫ్రికాలో అతిపెద్ద బహిరంగ సంతల్లో ఒకటని చెబుతారు, అక్కడ పర్యాటకుడిగా నిలబడటానికి చోటులేదు. నెత్తిన పరుపులు మోసేవాడు మనకోసం ఆగడు. పాత సామాను బజారు మినాలెష్ తెరాలో మాత్రం చాలాసేపు ఉండిపోయాను. నూనె డబ్బాలు కత్తిరించి కుంపట్లు, టైర్లు కోసి చెప్పులు, విరిగిన ఇనుము సాగగొట్టి గునపాలు. వందల సుత్తులు ఒకేసారి. బయటికొచ్చాక కూడా చెవుల్లో మోగుతూనే ఉంది.

చివరి రోజు ఎంతోతో కొండ. దారిలో షిరో మెదా దగ్గర తెల్లటి నేతబట్టల అంగళ్లు, నేసేవాళ్లలో ఎక్కువమంది దక్షిణాది దొర్జే తెగవాళ్లు. కొండ మూడు వేల మీటర్లు దాటుతుంది. మెనెలిక్ మొదట ఈ కొండ మీదే ఉండేవాడు. ఎంతోతో మరియం చర్చిలోనే 1889లో చక్రవర్తిగా పట్టం కట్టుకున్నాడు. పక్కనే ఆయన ప్యాలెస్, మట్టీ కర్రా కలిపి కట్టి సున్నం కొట్టిన ఇల్లు. మెట్లకి పట్టుకునే కర్ర కూడా నునుపు చేయలేదు. చలికి ఓర్చుకోలేక రాణి తాయ్తు కింద వేడినీటి బుగ్గల దగ్గర ఇల్లు కట్టించుకుంది, 1886లో ఊరు అలా మొదలైంది. కొన్నేళ్లకే చుట్టుపక్కల వంటచెరుకు అయిపోయి రాజధానిని మళ్లీ మార్చేద్దామనుకున్నారు. ఆస్ట్రేలియా నుంచి తెప్పించిన యూకలిప్టస్ ఊరిని నిలబెట్టింది. కొండంతా ఇప్పుడు అవే చెట్లు, గాలి పీలిస్తే జలుబు వదిలిపోతుంది. ఆ చెట్లే నేలలో నీళ్లు తాగేస్తాయని తిట్టేవాళ్లూ ఉన్నారు, ఆ మాటా నిజమే.

తరతరాలుగా ఆ కట్టెలు కిందికి మోసింది ఆడవాళ్లు. బరువైన మోపులు వీపున కట్టుకుని, నడుము రెండుగా వంచి, కిలోమీటర్ల కొద్దీ దిగుడు. మోత మానేసిన కొందరు సంఘం పెట్టుకుని శాలువాలు నేసి అమ్ముతున్నారు. 2020లో ఈ అడవిలో కొంత భాగాన్ని ఎంతోతో పార్క్ చేశారు. నడక దారులు, పిల్లల ఆటలు, గాజు గోడల కాఫీ హోటళ్లు. శుభ్రంగా, నిజంగా అందంగా ఉంది. పార్కు కంచె దాటాక ఒక మలుపులో ఇద్దరు స్త్రీలు మోపులతో దిగుతూ కనిపించారు. మా కారుకి దారిచ్చి గట్టుకి ఆనుకున్నారు.

డ్రైవరు అద్దం దించి వాళ్లకేదో చెప్పాడు, వాళ్లు నవ్వారు. ఏమన్నావని అడిగాను. దారి మీరు ఇవ్వడమేంటి, మేమే ఇవ్వాలి అన్నాడట. తర్వాత తనే చెప్పుకొచ్చాడు, వాళ్లమ్మ కూడా ఇదే దారిలో కట్టెలు మోసి తనని చదివించింది. పార్కు తెరిచిన కొత్తలో ఒక ఆదివారం మనవలతో సహా ఆమెని తీసుకొచ్చాడు.

"సంతోషించిందా?" అన్నాను.

"చెట్లు చూసి ఊరుకుంది. మాకియాటో బిల్లు చూసి మాత్రం నన్ను అందరిముందూ తిట్టిందండీ. ఈ డబ్బుకి మూడు మోపులు వస్తాయి అంది. ఇప్పుడు వస్తే జెబెనా, బొగ్గులు ఇంటి నుంచే తెస్తానంటోంది. లోపలికి రానివ్వరమ్మా అంటే, ఈ కొండ నాకు వాళ్లకంటే ముందునుంచి తెలుసు, ఎటునుంచి రావాలో నాకు చెప్పకు అంటోంది. ఏంటండీ!"